పోలీసు సెట్: ఒంటి మీద ఎక్కడుందన్నదే అసలు సంగతి

సాయంత్రం రద్దీలో ఏదైనా పెద్ద జంక్షన్ దగ్గర నిలబడి ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని ఓ ఐదు నిమిషాలు గమనించండి. కుడిచేత్తో బండ్లను ఆపుతుంటారు, ఎడమచేతిలో నల్లటి వాకీటాకీ సెట్ ఉంటుంది. ఇంతలో ఎవరో వచ్చి అడ్రస్ అడుగుతారు. మరొకరు రాంగ్ రూట్‌లో దూసుకొస్తారు. విజిల్ ఊదాలి, చెయ్యి ఖాళీ లేదు. సెట్‌ని చంకలో ఇరికించుకుంటారు. సరిగ్గా అప్పుడే అందులోంచి గరగరమంటూ ఓ పిలుపు వస్తుంది. తీసి చెవి దగ్గర పెట్టుకునేసరికి సగం మాట వెళ్లిపోయి ఉంటుంది. "మళ్లీ చెప్పండి సార్" అని అడగాల్సి వస్తుంది.

ఈ చిన్న ఇబ్బంది వెనక పెద్ద కథే ఉంది. సెట్ ఎన్ని వాట్లది, ఏ కంపెనీది, డిజిటలా కాదా అన్న లెక్కలు కొనేటప్పుడు చూస్తారు. కానీ అది మనిషి ఒంటి మీద ఎక్కడ కూర్చుంది, ఏ చేతికి అందుతుంది, పరిగెత్తితే ఊడిపోతుందా లేదా అన్నవి కూడా అంతే ముఖ్యం. చాలాసార్లు అంతకంటే ముఖ్యం.

మన పోలీసులు దీన్ని రేడియో అనడం తక్కువ. సెట్ అంటారు, లేదంటే మ్యాన్‌ప్యాక్ అంటారు. కమిషనర్ గారు ఒకేసారి అందరితో మాట్లాడితే అది సెట్ కాన్ఫరెన్స్. బయట మనం మాత్రం వాకీటాకీ అంటాం. మ్యాన్‌ప్యాక్, వాకీటాకీ అన్న ఈ రెండు పేర్లూ నిజానికి చేతిలో పట్టేదానివి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం మోటరోలా రెండు రకాల సెట్లు చేసింది. ఒకటి సైనికుడు వీపున మోసే పెట్టె, బరువు 15 కిలోలకు పైనే. వాకీటాకీ అని పిలిచింది దాన్నే. చేత్తో పట్టుకునే చిన్నదాన్ని హ్యాండీటాకీ అన్నారు. మ్యాన్‌ప్యాక్ అన్నా వీపున మోసేదనే అర్థం. పెట్టె చిక్కిపోయి చేతిలోకి వచ్చింది, పేరు మాత్రం పాతదే మిగిలింది.

నడుముకి పెట్టుకోని రెండు సెట్లు

2022 మే 24న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, యువాల్డీ అనే ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాలలోకి తుపాకీతో ఒకడు చొరబడ్డాడు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. రకరకాల విభాగాల నుంచి మొత్తం 376 మంది అధికారులు అక్కడికి చేరారు. అయినా ఆ తరగతి గదిలోకి వెళ్లి అతణ్ని కాల్చడానికి గంటా పావు దాటింది. లోపల బతికున్న పిల్లలు ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి సాయం అడుగుతూనే ఉన్నారు. ఆ సంగతి కారిడార్‌లో నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకు సరిగా అందలేదు.

మొదట లోపలికి వెళ్లినవాళ్లలో ఆ స్కూళ్ల పోలీసు విభాగం అధిపతి ఒకరు. ఆయన దగ్గర రెండు సెట్లు ఉన్నాయి, రెండూ బయటే వదిలి వెళ్లారు. ఎందుకని అడిగితే తర్వాత ఒక పత్రికకు కారణం చెప్పారు. ఒక సెట్‌కి కొరడాలాంటి పొడవాటి యాంటెన్నా ఉంది, పరిగెత్తితే ఒంటికి తగులుతుంది. రెండోదాని క్లిప్ వదులు, పరిగెత్తితే బెల్ట్ నుంచి ఊడిపోతుంది. రెండు చేతులూ తుపాకీకి కావాలనుకున్నారు, అందుకని సెట్లు వదిలేశారు.

ఆ రోజు జరిగిన తప్పులన్నీ ఒక క్లిప్ మీదకి నెట్టడం న్యాయం కాదు. ఆ పాఠశాల భవనంలో చాలామంది సెట్లు సరిగా పనిచేయలేదని టెక్సస్ శాసనసభ కమిటీ తేల్చింది. ఎవరు నాయకత్వం వహిస్తున్నారో తెలియని అయోమయం అన్నిటికంటే పెద్దది. కానీ నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ క్లిప్పే. పరిగెత్తినప్పుడు ఊడిపోతుందని ఆయనకు ముందే తెలుసు. అంటే ఆ ఇబ్బంది మామూలు రోజుల్లోనూ ఉంది, ఎవరూ సరిచేయలేదు. మామూలు రోజున చిరాకు పెట్టే పరికరాన్ని ప్రాణం మీదకి వచ్చిన రోజున మనిషి పక్కన పడేస్తాడు. సెట్ ధరించే తీరు గురించి ఇంత రాయాలనిపించింది అందుకే.

వినేది చెవి దగ్గర, మాట్లాడేది జేబులో

సెట్ లేని కాలంలో బీటు తిరిగే పోలీసుకి విజిలే దిక్కు. బ్రిటన్‌లో వీధి మూలల్లో పోలీసు బాక్సులు ఉండేవి, వాటిలో టెలిఫోన్. కానిస్టేబుల్ చెప్పిన టైముకి అక్కడికి చేరి స్టేషన్‌తో మాట్లాడాలి. మధ్యలో ఏం జరిగినా ఆయన ఒంటరే. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియో పెట్టారు, అయితే అది ఒకవైపే. స్టేషన్ చెప్పేది కారులో వినిపిస్తుంది. బదులు చెప్పాలంటే కారు ఆపి ఫోన్ వెతుక్కోవాలి. 1933లో న్యూజెర్సీలోని బేయాన్ పట్టణ పోలీసులు రెండువైపులా మాట్లాడే కారు సెట్లు వాడడం మొదలుపెట్టారు. అయినా కారు దిగిన మరుక్షణం పోలీసు మళ్లీ ఒంటరే.

నడిచే పోలీసు ఒంటి మీదకి సెట్ నిజంగా వచ్చింది 1960లలో, ట్రాన్సిస్టర్ల పుణ్యాన. బ్రిటన్‌లో పై (Pye) అనే కంపెనీ పాకెట్‌ఫోన్ అని ఒకటి తెచ్చింది. అది రెండు ముక్కలు. వినే ముక్క కోటు పైభాగాన, చెవికి దగ్గరగా తగిలించుకోవాలి, అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. మాట్లాడే ముక్క జేబులో. అవసరమైతే జేబులోంచి తీసి బటన్ నొక్కితే చిన్న యాంటెన్నా టక్కున పైకి లేచేది. పని అయ్యాక నొక్కి జేబులో వేసుకోవాలి.

ఇప్పుడు చూస్తే అదో వింత వస్తువులా అనిపిస్తుంది. కానీ దాన్ని చేసినవాళ్లకు ఒక నిజం బాగా తెలుసు. పోలీసు రోజులో చాలా భాగం వింటాడు, చాలా కొద్దిసేపే మాట్లాడతాడు. కాబట్టి వినేది చెవి దగ్గరుండాలి, మాట్లాడేది చేతికి అందితే చాలు. తర్వాత రెండూ ఒకే పెట్టెలోకి చేరాయి, పెట్టె నడుముకి దిగిపోయింది. చెవికి దూరమైంది. ఆ తప్పు దిద్దడానికే భుజం మైకు పుట్టింది.

భుజం మైకు అంటే సెట్‌కి చుట్టలు చుట్టిన తీగతో తగిలించిన చిన్న పెట్టె. అందులో స్పీకరూ మైకూ రెండూ ఉంటాయి, మాట్లాడేందుకు నొక్కే బటనూ ఉంటుంది. అసలు సెట్ బెల్టుకే ఉంటుంది. మైకు మాత్రం భుజం పట్టీకో, చొక్కా గుండీల దగ్గరో ఉంటుంది. తల కాస్త పక్కకి తిప్పితే చాలు, ఒక్క వేలితో నొక్కి మాట్లాడవచ్చు. తీగని స్ప్రింగులా చుట్టడంలోనూ ఆలోచన ఉంది. చెయ్యి లాగితే సాగుతుంది, వదిలితే ఒంటికి అతుక్కుంటుంది, తలుపు గడియకో సీటు బెల్టుకో చిక్కుకోదు.

ఏ వైపు పెట్టుకోవాలి? కుడిచేతి వాటం ఉన్నవాళ్లు తుపాకీ కుడివైపు పెట్టుకుంటారు. కనుక సెట్, మైకు ఎడమవైపు. ఒక చెయ్యి ఆయుధం మీద ఉండగా రెండో చెయ్యి సాయం పిలవగలగాలి. మన దగ్గర కానిస్టేబుల్ కుడిచేతిలో ఎక్కువగా లాఠీ ఉంటుంది, సూత్రం మాత్రం అదే. ఇబ్బంది ఏమిటంటే భుజం మైకు లేకుండా వట్టి సెట్ ఇస్తే ఎడమచేయి రోజంతా దానికే అంకితమైపోతుంది. బైకు మీద తిరిగే బ్లూ కోల్ట్స్ లాంటి సిబ్బందికి ఇది ఇంకా కష్టం. రెండు చేతులూ హ్యాండిల్ మీద, చెవుల మీద హెల్మెట్, వెనక హారన్ల మోత. వెనక కూర్చున్న మనిషి చెవులే ఇద్దరికీ దిక్కు.

చెవిలో పెట్టుకునే పారదర్శకమైన చుట్టల గొట్టం మీరు చూసే ఉంటారు, వీఐపీల పక్కన నడిచే భద్రతా సిబ్బందికి ఉంటుంది. అందులో తీగ ఉంటుందనుకుంటారు చాలామంది. లేదు, అది వట్టి గాలి గొట్టం. స్పీకర్ కాలర్ దగ్గరే ఉంటుంది, శబ్దం మాత్రం గొట్టంలోంచి చెవికి చేరుతుంది, డాక్టర్ స్టెతస్కోపులాగే. దీంతో లాభం గోప్యతే కాదు. నిందితుడి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు "ఆ బండి దొంగ బండే" అని కంట్రోల్ రూమ్ చెప్పిందనుకోండి, ఆ మాట అతనికి వినిపిస్తే తర్వాత జరిగేది వేరు. కాకపోతే ఒక చెవి మూసుకుపోవడం వల్ల వెనక అడుగుల చప్పుడు సరిగా తెలియదు. గంటల తరబడి పెట్టుకుంటే చెవి నొప్పి కూడా.

బెల్టు బరువు ఇంకో బాధ. అమెరికన్ పోలీసు బెల్టుకి తుపాకీ, బుల్లెట్లు, సంకెళ్లు, టార్చి, సెట్ అన్నీ కలిపితే ఏడెనిమిది కిలోలు దాటడం మామూలే. వెల్లకిలా పడితే వెనకవైపున్న గట్టి వస్తువు నేరుగా వెన్ను మీద నొక్కుతుంది. అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓక్లేర్ (Eau Claire) అనే ఊరి పోలీసుల మీద అక్కడి విశ్వవిద్యాలయం, మేయో క్లినిక్ కలిసి పరిశీలన చేశాయి. బరువుని నడుము నుంచి ఛాతీ మీది జాకెట్‌కి మార్చినప్పుడు నడుం నొప్పి తగ్గిందని తేలింది. బ్రిటన్ పోలీసులు ఇప్పటికే చాలామంది సెట్‌ని ఛాతీ జాకెట్ మీద ఒక బిగింపులో పెట్టుకుంటారు. దాన్ని ఊరికే లాగితే రాదు, తలకిందులుగా తిప్పితేనే వస్తుంది. పరిగెత్తినా పడదు, తోపులాటలో ఎదుటివాడు లాక్కోలేడు. యువాల్డీలో లేనిది సరిగ్గా ఇదే.

ఒళ్లే అడ్డుగోడ

ఇక్కడ కొంచెం ఫిజిక్స్ చెప్పుకోక తప్పదు, ఎందుకంటే ఎక్కువ అపోహలు ఇక్కడే ఉన్నాయి.

పోలీసులు ఎక్కువగా వాడే వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు 150 మెగాహెర్ట్‌జ్‌వి. ఆ తరంగం పొడవు 2 మీటర్లు. యాంటెన్నా బాగా పనిచేయాలంటే అందులో కనీసం నాలుగో వంతు, అంటే అర మీటరు ఉండాలి. నడుముకి అర మీటరు కడ్డీ కట్టుకుని ఎవరు తిరుగుతారు? అందుకని తీగని స్ప్రింగులా చుట్టి, రబ్బరు తొడుగు వేసి జానెడు చేశారు. పొడవు తగ్గిన మేరకు పనితనమూ తగ్గింది. 400 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కల పనిచేసే సెట్లకు నాలుగో వంతు అంటే 19 సెంటీమీటర్లే, అందుకే వాటి యాంటెన్నాలు పొట్టిగా ఉన్నా పెద్దగా నష్టం లేదు.

అసలు దెబ్బ మన ఒంటి వల్ల. మనిషి శరీరం ఎక్కువగా ఉప్పునీరు. రేడియో తరంగాల్ని అది మింగేస్తుంది. నడుముకి పెట్టుకున్న సెట్ యాంటెన్నా పక్కటెముకలకు ఆనుకుని ఉంటుంది, పైనుంచి మోచెయ్యి కప్పుతుంది. బయటికి వెళ్లాల్సిన శక్తిలో చాలా భాగం అక్కడే ఆరిపోతుంది. కారు సీట్లో కూర్చుంటే ఇంకా అన్యాయం, ఒకవైపు తొడ, మరోవైపు సీటు, చుట్టూ ఇనుము. అదే సెట్‌ని తీసి ముఖం ఎదురుగా నిలువుగా పట్టుకుంటే సిగ్నల్ ఎన్నో రెట్లు మెరుగవుతుంది. నిలువుగా అని ఎందుకన్నానంటే గుట్ట మీది రిపీటర్, అంటే సెట్ సిగ్నల్‌ని అందుకుని బలంగా తిరిగి పంపే యంత్రం, దాని యాంటెన్నా కూడా నిలువుగానే ఉంటుంది. సెట్‌ని అడ్డంగా పట్టుకుని మాట్లాడితే రెండింటికీ పొత్తు కుదరదు.

ఇప్పుడు భుజం మైకు సంగతి మళ్లీ చూడండి. మైకు నోటి దగ్గరకి వచ్చింది, యాంటెన్నా మాత్రం నడుము దగ్గరే ఉంది. మాట స్పష్టంగా మైకులోకి వెళ్తుంది కానీ బయటికి వెళ్లే సిగ్నల్ బలం ఏమీ పెరగదు. "మైకులో గట్టిగానే అరిచాను, కంట్రోల్‌కి అందలేదు" అని ఎవరైనా అంటే కారణం చాలాసార్లు ఇదే. అరిస్తే మాట చిరిగిపోతుంది తప్ప సిగ్నల్ బలపడదు. సెట్‌ని బెల్టు నుంచి తీసి తల ఎత్తుకి లేపాలి. సిగ్నల్ బొత్తిగా లేని చోట రెండడుగులు పక్కకి, కిటికీ వైపు జరిగినా తేడా తెలుస్తుంది. ఇది ట్రైనింగ్‌లో ఒక్కసారి చేయించి చూపిస్తే జీవితాంతం గుర్తుండే విషయం.

భవనాల లోపల, భూమి కింద ఈ కష్టం ఇంకా ముదురుతుంది. 1987లో లండన్ కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్ అగ్నిప్రమాదంలో 31 మంది చనిపోయారు. అత్యవసర సిబ్బంది సెట్లు భూమి కింద కూడా పనిచేసే ఏర్పాటు ఉండాలని అప్పటి విచారణే చెప్పింది. 2005 జులై 7న అదే నగరంలో రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది ప్రాణాలు పోయినప్పుడు, రైల్వే పోలీసులకు తప్ప మామూలు పోలీసులకు సొరంగాల్లో సెట్లు పనిచేయలేదు. పైకీ కిందికీ మనుషులు పరుగులు తీసి కబుర్లు చేరవేశారు. పద్దెనిమిదేళ్లలో ఆ పని ఎందుకు కాలేదని లండన్ అసెంబ్లీ నివేదిక నిలదీసింది. హైదరాబాద్‌లో ఇప్పుడు లేచే ప్రతి టవర్ కిందా రెండు మూడు సెల్లార్లు ఉంటున్నాయి. ఫైర్ సేఫ్టీ గురించి అడిగేవాళ్లు అక్కడ సెట్ పనిచేస్తుందా అని కూడా అడిగితే బాగుండును.

నొక్కాక ఒక క్షణం, చెప్పాక ఒక క్షణం

ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు. సెట్‌లో కుదరదు. బటన్ నొక్కి పట్టుకుంటే మాట్లాడతారు, వదిలితే వింటారు. ఒకరు నొక్కితే ఆ ఛానెల్‌లో మిగతావాళ్లంతా శ్రోతలే. అదే దాని బలం. ఒక్క మాట అన్నాక యాభై మందికి విడివిడిగా ఫోన్ చేయక్కర్లేదు. "ఎర్రచొక్కా, నల్ల పల్సర్, కూకట్‌పల్లి వైపు" అని ఒకరంటే దారిలో ఉన్నవాళ్లంతా ఆ క్షణంలోనే చూపు తిప్పుతారు. కానీ ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా గోలలో కలుస్తుంది, లేదా ఎవరి సిగ్నల్ బలంగా ఉంటే వాళ్ల మాటే నిలుస్తుంది. రెండోవారికి తన మాట అందలేదన్న సంగతే తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. బటన్ నొక్కగానే మాట వెళ్లిపోదు. సెట్ వినడం మాని పంపడంలోకి మారాలి, రిపీటర్ మేలుకోవాలి. దానికి ఒక క్షణం పడుతుంది. నొక్కీ నొక్కకముందే మాట్లాడితే మొదటి మాట ఎగిరిపోతుంది. పాత వాక్యూమ్ ట్యూబు సెట్లలో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ ఉండేది. అమెరికా పోలీసులు "టెన్ ఫోర్" (మాట అందింది) అంటారని సినిమాల్లో విన్నాం కదా, ఆ "టెన్" వెనక కథ ఇదే. 1937లో ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసుల్లో ఈ కోడ్‌లు పుట్టాయి. ప్రతి కోడ్‌కీ ముందు "టెన్" చేరిస్తే, సెట్ మేలుకునే లోపు పోయేది ఆ టెన్నే, అసలు నంబర్ నిలుస్తుందని లెక్క. ఒక యంత్రం బద్ధకం వల్ల పుట్టిన అలవాటు భాషలోకే ఎక్కింది. తర్వాత ఒక్కో ఊళ్లో ఒక్కో నంబర్‌కి ఒక్కో అర్థం రావడంతో కత్రినా తుపాను లాంటి సమయాల్లో వేర్వేరు ఊళ్ల సిబ్బంది ఒకరి మాట ఒకరికి అర్థంకాక అవస్థపడ్డారు. 2006 నుంచి అమెరికా ప్రభుత్వం పలు విభాగాలు కలిసి పనిచేసేటప్పుడు మామూలు మాటల్లోనే మాట్లాడమంటోంది.

తెలుగులో సెట్ వాడేవాళ్లకి ఇంగ్లిష్ వాళ్లకు లేని ఇంకో ప్రమాదం ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడగా నేను వినలేదు. ఇంగ్లిష్‌లో వద్దు అనే మాట వాక్యం మొదట్లో వస్తుంది. బటన్ నొక్కే తొందరలో అది పోవచ్చు. మనకి అది చివర వస్తుంది. "లోపలికి రావద్దు" అన్నప్పుడు బటన్ ఒక్క క్షణం ముందు వదిలేస్తే అవతల వినిపించేది "లోపలికి రా". "గేటు తెరవకండి" అన్నది "గేటు తెరవ" దగ్గర ఆగిపోతుంది. క్రియ, దాని కాదు, లేదు, వద్దు అన్నీ వాక్యం తోకలోనే ఉండే భాష మనది. కాబట్టి మనవాళ్లు నొక్కాక ఒక క్షణం ఆగడం ఎంత అవసరమో, చెప్పాక ఒక క్షణం పట్టి ఉంచడం అంతకంటే అవసరం. వద్దు అనాల్సిన చోట "వద్దు, వద్దు, లోపలికి రావద్దు" అని ముందే మొదలుపెట్టడం ఇంకా మంచిది. వినేవారు ఆదేశాన్ని తిరిగి చెప్పి ఖాయం చేసుకునే అలవాటు కూడా ఇక్కడ పనికొస్తుంది.

సెట్‌లో గొంతు బొంగురుగా వినపడడానికీ కారణం ఉంది. సుమారు 300 నుంచి 3,000 హెర్ట్‌జ్ మధ్య శబ్దాన్నే అది పంపుతుంది. స, ఫ లాంటి ధ్వనుల్లో పదును అంతా దానికి పైన ఉంటుంది, అదంతా కోసుకుపోతుంది. బి, డి, పి, టి ఒకేలా వినిపిస్తాయి. అందుకే బండి నంబర్ చెప్పేటప్పుడు టి, డి, పి బదులు టాంగో, డెల్టా, పాపా అంటారు. అంకెల్లో తెలుగు కూడా ఇబ్బంది పెడుతుంది. హోరులో అరవైకీ ఇరవైకీ తేడా తెలియదు. "ఆరు, సున్నా" అని విడివిడిగా చెప్పడమే మేలు. పక్కన సైరన్ మోగుతుంటే అరవకూడదు, మైకుని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని మామూలు గొంతుతో చెప్పాలి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇరుక్కుపోయిన బటన్. జీపులో కూర్చున్నప్పుడు మైకు తొడ కింద పడి బటన్ నొక్కుకుపోతుంది. పాత రకం సెట్లలో అప్పుడు ఆ ఛానెల్ మొత్తం స్తంభించిపోతుంది. జీపు ఇంజన్ మోత, లోపలి సొంత కబుర్లు అందరికీ వినిపిస్తాయి, సాయం కోసం పిలిచేవాళ్ల మాట ఎవరికీ వినిపించదు. అందుకే ఒక నిమిషమో, ఇంకొంచెమో దాటితే తనంతట తనే ఆపేసే ఏర్పాటు సెట్లలో పెట్టారు.

నారింజ రంగు బటన్, ఆరిపోయే బ్యాటరీ

పాత పద్ధతిలో ఒక్కో జోన్‌కి ఒక్కో ఛానెల్. ఒకటి కిక్కిరిసిపోతే పక్కది ఖాళీగా ఉన్నా లాభం లేదు. కొత్త డిజిటల్ వ్యవస్థల్లో ఛానెళ్లన్నీ ఉమ్మడిగా ఉంటాయి, ఎవరు బటన్ నొక్కితే వాళ్లకి ఖాళీగా ఉన్నదాన్ని కంప్యూటర్ ఆ క్షణంలో కేటాయిస్తుంది. రైల్వే రిజర్వేషన్‌లో కౌంటర్‌కో క్యూ కాకుండా అందరికీ ఒకే క్యూ పెట్టి, ఖాళీ అయిన కౌంటర్‌కి పంపినట్టు. యూరప్‌లో పుట్టిన టెట్రా పద్ధతిలో ఒక్క 25 కిలోహెర్ట్‌జ్ ఛానెల్‌నే కాలం ప్రకారం నాలుగు వంతులు చేసి నాలుగు సంభాషణలు నడుపుతారు. బ్రిటన్ పోలీసుల ఎయిర్‌వేవ్ నెట్‌వర్క్ దీని మీదే నడుస్తోంది.

డిజిటల్ అంటే ఎవరూ వినలేరని కాదు. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు టెట్రాలోని ఒక రకం రహస్య సంకేతంలో, 80 బిట్ల తాళం అని చెప్పినది లోపల 32 బిట్లకే కుదించి ఉందని బయటపెట్టారు. మామూలు కంప్యూటర్‌తో కొద్దిసేపట్లో విప్పగలిగే తాళం అది. మన దేశంలో సమస్య ఇంకోలా ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు తప్ప మిగతావాటికి లైసెన్సు కావాలి. అయినా ఆన్‌లైన్‌లో ఇష్టం వచ్చినట్టు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమ్మకం వేదికలకు నోటీసులిచ్చి, కొత్త మార్గదర్శకాలు తెచ్చింది.

ఈ కొత్త సెట్లలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది యాంటెన్నా పక్కన ఉండే నారింజ రంగు బటన్. చూడకుండా, గ్లోవ్ తొడిగిన వేలితో కూడా దొరికేలా పెడతారు. నొక్కితే ఎవరి సెట్ అన్నది కంట్రోల్ రూమ్ తెర మీద పడుతుంది, మిగతా సంభాషణలన్నీ పక్కకి తప్పుకుంటాయి. చాలా సెట్లలో కొన్ని క్షణాలపాటు మైకు తనే తెరుచుకుంటుంది, కింద పడి ఉన్న మనిషి బటన్ పట్టుకోకుండానే మాట్లాడవచ్చు. కానీ సెట్ వీపువైపు ఉంటే, లేదా జీపు డ్యాష్‌బోర్డ్ మీదే ఉండిపోతే ఆ బటన్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

బ్యాటరీ సంగతికి వస్తే, డబ్బా మీద రాసిన గంటల వెనక ఒక లెక్క ఉంటుంది. నూటికి 5 పాళ్లు మాట్లాడడం, 5 పాళ్లు వినడం, మిగతా 90 పాళ్లు ఊరికే ఉండడం. మామూలు రోజుకి సరిపోతుంది. వినాయక నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్ మీద, మేడారం జాతర బందోబస్తులో సరిపోదు. అక్కడ సెట్ నోరు మూసుకునేదే ఉండదు. మాట్లాడేటప్పుడే కరెంటు ఎక్కువ తాగుతుంది కనుక పొద్దున్న ఫుల్ ఛార్జ్ పెట్టుకొచ్చిన సెట్ అసలు రద్దీ మొదలయ్యే సాయంత్రానికి బీప్ బీప్ మంటుంది. విడి బ్యాటరీ జేబులో ఉన్నవాళ్లే రాత్రి దాకా నిలబడతారు.

మరి ఫోన్ చాలదా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. ఫోటో పంపడానికి, లొకేషన్ చూడడానికి ఫోన్‌ని మించింది లేదు. కానీ లక్షల మంది ఒకచోట చేరిన రోజున మొదట చేతులెత్తేసేది మొబైల్ నెట్‌వర్కే. ఆ రోజే పోలీసుకి మాట కావాలి. ఫోన్ తెర వానలో, చెమట చేతికి స్పందించదు. చూడకుండా వాడలేం.

పోలీసులకు ముందు వరుస ఇచ్చే 4జీ నెట్‌వర్క్ కట్టి, ఎయిర్‌వేవ్‌ని పక్కన పెడతామని బ్రిటన్ ప్రభుత్వం అనుకుంది. 2020కల్లా అయిపోవాల్సిన పని ఏళ్లకేళ్లు వెనక్కి జరుగుతూ వస్తోంది. పాత సెట్లే ఇంకా ఛాతీ మీద ఉన్నాయి. టవర్ల సంఖ్య ఒక్కటే కాదు అడ్డంకి, ఫోన్‌కి రాని విద్య ఒకటి సెట్‌కి ఉంది. టవర్, రిపీటర్, కంట్రోల్ రూమ్ ఏవీ లేకపోయినా రెండు సెట్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. దీన్నే డైరెక్ట్ మోడ్ అంటారు.

మూడో సెల్లార్‌లో పొగ కమ్మిందనుకోండి. ఫోన్‌లో గీతలన్నీ పోయాయి, రిపీటర్ కూడా అందడం లేదు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఛానెల్ మీట తిప్పి డైరెక్ట్‌కి మారతారు. ఒకరు కిందికి దిగుతారు, ఒకరు మెట్ల మలుపులో నిలబడతారు. కిందివారు సెట్‌ని బెల్టు నుంచి తీసి, తల ఎత్తుకి లేపి, బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి చెబుతారు: "ఇద్దరున్నారు. నడవలేరు. లిఫ్ట్ వాడవద్దు." ఆ చివరి మాట దాటాక ఇంకో క్షణం పట్టుకుని వదులుతారు. మెట్ల మీదున్నవారు అదే మాట తిరిగి చెప్పి, పైకి పరిగెత్తి, రిపీటర్ అందే చోట నిలబడి కంట్రోల్‌ని పిలుస్తారు.